జగ్గయ్యపేటలో తొంభై లీటర్ల సముద్రం

మా జగ్గయ్యపేట నుంచి సముద్రం చూడాలంటే బెజవాడ వెళ్ళి, అక్కణ్ణుంచి ఇంకో డెబ్భై కిలోమీటర్లు బందరు దాకా పోవాలి. చిన్నప్పుడు కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో స్నానం చేసొచ్చిన వాళ్ళు ఆ కబుర్లు వారం రోజులు చెప్పేవాళ్ళు. అంత మెట్ట మాది. అలాంటి ఊళ్ళో, మా నాన్నగారింటి వరండా గదిలో ఒక సముద్రం ఉంది. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగుంబావు ఎత్తు. రాళ్ళూ ఇసకా పోను సుమారు తొంభై లీటర్లు.

ఈ మధ్య ఆఫీసులో ముగ్గురు వేరే వేరేగా ఒకటే ప్రశ్న అడిగారు. "చిన్న మెరైన్ ట్యాంక్ పెడదామనుకుంటున్నా, ఏ చేపలు వేస్తే బాగుంటుంది?" అని. ముగ్గురికీ మూడు సార్లు చెప్పే ఓపిక లేదు. పైగా నేను మొదట చేసిన ఘనకార్యం చెప్పకుండా సలహాలివ్వడం అన్యాయం. కాబట్టి అదే ముందు చెప్తా.

2020లో అందరిలాగే నేను కూడా లాప్‌టాప్ చంకన పెట్టుకుని, పెళ్ళాం బిడ్డతో సహా ఊరు చేరాను. రెండు వారాలనుకున్నది రెండేళ్ళయింది. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. బడి లేదు, స్నేహితులు లేరు, రోజుకోసారి 'ఫైండింగ్ నీమో' చూసేది. దానికో నీమో తెచ్చిద్దామన్న బుద్ధి పుట్టింది నాకు. ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు ఒక కొలీగ్ ఇంట్లో చిన్న రీఫ్ ట్యాంక్ చూశాను లెండి. ఆ పురుగు ఎప్పటినుంచో బుర్రలో ఉంది.

నవంబర్‌లో తొట్టి వచ్చింది, ఉప్పు వచ్చింది. లీటరుకి 35 గ్రాముల లెక్కన మూడు కిలోల పైనే. మా అమ్మ ఆ బకెట్ ధర విని, "మూడు కిలోల ఉప్పుకి ఇంత డబ్బా? కొట్లో కల్లుప్పు తెస్తే కరగదా?" అంది. కరుగుతుంది, కానీ సముద్రపు ఉప్పులో సోడియం, క్లోరైడ్ కలిపి నూటికి 85 పాళ్ళే. మిగతాది సల్ఫేటు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం వగైరా. చేపకీ నత్తకీ అవి కూడా కావాలి. మా అమ్మ ఇప్పటికీ నమ్మలేదు.

నీళ్ళు కలిపిన మూడో రోజున సిటీకెళ్ళి, మూడు నీలం డామ్‌సెల్ చేపలూ, ఒక సీ ఎనిమోనూ తెచ్చాను. అమ్మినాయన, "డామ్‌సెల్ మొండి జాతి సార్, కొత్త నీళ్ళని అవే తయారుచేస్తాయి. ఎనిమోన్‌కి ఏమీ అక్కర్లేదు, లైటుంటే చాలు" అన్నాడు. నేను, పదేళ్ళుగా కోడ్ రివ్యూలో కామా తేడా ఉంటే ఒప్పుకోనివాణ్ణి, ఆ మాట యథాతథంగా నమ్మేశాను. టెస్టింగ్ లేదు, స్టేజింగ్ లేదు, డైరెక్టుగా ప్రొడక్షన్.

పన్నెండో రోజు పొద్దున ఎనిమోన్ కరిగిపోయి ఉంది. కరగడమంటే నిజంగా కరగడమే. వరండా అంతా వాసన. నీళ్ళు గంజిలా ఉన్నాయి. రెండు డామ్‌సెల్స్ వెల్లకిలా తేలాయి. మూడోది బతికింది గానీ, తరవాత తెలిసింది, చచ్చిన రెంటినీ రెక్కలు పీకి మూలకి తోసింది అదేనట. మా అమ్మాయి గ్లాసుకి ముక్కానించి చూసి, "మనమే చంపామా నాన్నా?" అని అడిగింది. మామూలుగా దాని ప్రశ్నలకి నా దగ్గర గూగుల్ సమాధానాలు ఉంటాయి. దీనికి మాత్రం "అవునమ్మా" అన్నాను.

ఆ ఆదివారం నందిగామ నుంచి మా బాబాయి వచ్చాడు. ఆయన కైకలూరు దగ్గర చెరువులు లీజుకి తీసుకుని పాతికేళ్ళుగా రొయ్యలు వేస్తున్నాడు. తొంభైల మధ్యలో తెల్లమచ్చ తెగులొచ్చినప్పుడు టైగర్ రొయ్య మొత్తం పోయి, పొలం అమ్మి బాకీలు తీర్చిన మనిషి. 2009లో వనామీకి అనుమతులొచ్చాక మళ్ళీ నిలదొక్కుకున్నాడు. తొట్టి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "నీళ్ళు పెట్టి ఎన్నాళ్ళయిందిరా సీడ్ దింపేటప్పటికి?" అన్నాడు.

"మూడ్రోజులు."

"నీళ్ళు తయారవకుండా సీడ్ దింపితే ఎవడి చెరువైనా ఇంతే. ముందు నీళ్ళు పెంచు. తరవాత చేపలు పెంచుదువు గాని."

నాలుగు రోజులు ఇంటర్నెట్‌లో చదివిందంతా ఈ ఒక్క ముక్కలో ఉంది. చేప విడిచే అమ్మోనియా దానికే విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. చివరిది మరీ ఎక్కువైతే తప్ప ప్రమాదం లేదు, వారానికోసారి కొన్ని నీళ్ళు మారిస్తే పోతుంది. ఈ బాక్టీరియా రాళ్ళ మీదా ఇసకలోనూ కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దానికి బతికున్న చేపని బలి పెట్టక్కర్లేదు. ఖాళీ తొట్టిలో చుక్కలు చుక్కలుగా అమ్మోనియా వేసి, రోజూ కిట్‌తో చూసుకుంటూ, వేసిన అమ్మోనియా ఒక్క రోజులో అమ్మోనియాగానూ నైట్రైట్‌గానూ సున్నా అయ్యేదాకా ఆగడమే. కిట్లూ, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరూ అన్నీ ఆక్వా మందుల షాపుల్లో రొయ్యల రైతుల కోసం ఉండేవే. బాబాయి తన పాతవి ఇచ్చేశాడు. డామ్‌సెల్‌ని పెద్ద తొట్టి ఉన్న ఒకాయనకి ఇచ్చేశాం.

రాళ్ళ సంగతి మా నాన్న చూసుకున్నారు. ఆయన సిమెంటు ఫ్యాక్టరీ సున్నపురాయి క్వారీలో చేసి రిటైరయ్యారు. మా వైపు భూమంతా సున్నపురాయే, నాపరాయే. యాభై కోట్ల ఏళ్ళ పైమాట, ఇక్కడ నిస్సారమైన సముద్రం ఉండేదిట, దాని అడుగున పేరుకున్నదే ఈ రాయి. మా ఊరి ధనంబోడు స్తూపం మీద రెండు వేల ఏళ్ళ నాడు బొమ్మలు చెక్కింది కూడా సున్నపురాతి పలకల మీదే. 1882లో బర్జెస్ తవ్వించాక వాటిల్లో కొన్ని మద్రాసు మ్యూజియం చేరాయి. ఆ లెక్కన నేను సముద్రాన్ని జగ్గయ్యపేటకి తేవడం కాదు, పాత ఓనర్ని వెనక్కి పిలవడం అన్నమాట :)

నాన్న తెచ్చిన రాయి మీద నిమ్మకాయ పిండితే బుసబుసమని పొంగింది. సున్నమే, ఉప్పునీళ్ళలో హాని లేదు. కానీ మా రాయి మరీ గట్టి, లోపల బొరియలు లేవు. బాక్టీరియాకి కావాల్సింది బొరియలు. అందుకని ఆ రాయి ఆకారం కోసం, వెనకాల సిరామిక్ మీడియా బాక్టీరియా కోసం. 'లైవ్ రాక్' అని అమ్మజూపుతారు, అది పగడపు దిబ్బల్లోంచి పగలగొట్టుకొచ్చిన ముక్క. వద్దు. ఎందుకో కింద చెప్తా.

ఇహ అసలు ప్రశ్న. ఏం వెయ్యాలి?

నా ఎక్సెల్ షీట్‌లో ఇరవై రెండు జీవులుండేవి. నవ్వకండి, కాలమ్స్‌తో సహా ఉంది. నాన్న కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ అడిగారు. ఆయన అడిగినవి మూడే. ఎంత పెద్దదవుతుంది, ఏం తింటుంది, ఎక్కణ్ణుంచి వస్తుంది? షీట్‌లో నేను పెట్టిన మొదటి కాలమ్ రంగు.

మా అమ్మాయి రెండో కోరిక డోరీ, అంటే బ్లూ టాంగ్. షాపులో మూడంగుళాలుంటుంది. పెరిగితే అడుగు. రోజంతా ఈదే జాతి, ఆరడుగుల తొట్టి లేకపోతే దానికది జైలే. 2016లో ఫ్లోరిడాలో దాన్ని తొట్టెల్లో పిల్లలు చేయించగలిగారు గానీ, అమ్మకానికొచ్చేవి ఇప్పటికీ చాలా మటుకు సముద్రంలో పట్టినవే. కొట్టేశాం. మాండరిన్ చేప ఉంది చూడండి, పట్టుచీర అంచులా ఉంటుంది, చూస్తే ఆశ చావదు. అది తినేది రాళ్ళ మీద పాకే కంటికానని పురుగుల్ని. తొంభై లీటర్లలో అవి మూడు వారాల్లో అయిపోతాయి, తరవాత అది మన కళ్ళ ముందే, అందంగా, నెమ్మదిగా ఎండిపోతుంది. క్లీనర్ రాస్ కూడా అంతే, పెద్ద చేపల ఒంటి మీది పరాన్నజీవుల్ని తిని బతికేది, మన దగ్గర దానికి పనే ఉండదు. పనిలేని వాడి అవస్థ బెంచ్ మీద కూర్చున్న వాళ్ళకి తెలుసు.

సముద్రపు గుర్రం గురించి ఒకాయన ఫోన్‌లో గొంతు తగ్గించి, "కావాలంటే తెప్పిస్తా" అన్నాడు. జాగ్రత్త. 2001 నుంచి మన దేశంలో సముద్రపు గుర్రాల కుటుంబం మొత్తం, దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ, సీ ఫ్యాన్లూ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే. శిక్ష మూడేళ్ళకి తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా. డల్లాస్‌లో మీ బావమరిది తొట్టినిండా పగడపు మొక్కలు పెంచుతున్నాడని మనం ఇక్కడ దిబ్బ ముక్క కొనకూడదు. పగడం మొక్క కాదు, జంతువు అని నేను నాన్నకి చెబితే ఆయన, "మరి నువ్వు తెచ్చిన ఆ జారుడుదీ?" అన్నారు. ఎనిమోన్ కూడా జంతువే. ఆర్నెల్లు, ఏడాది కుదురుకున్న తొట్టిలో, మంచి లైటు కింద అయితే దశాబ్దాలు బతుకుతుంది. మూడో రోజు నీళ్ళలో కాదు. పైగా నీమో చేపకి తొట్టిలో ఎనిమోన్ అవసరమే లేదు. సముద్రంలో శత్రువులున్నారు కాబట్టి దాని ముళ్ళలో దాక్కుంటుంది. మన తొట్టిలో శత్రువు మనమే.

చివరికి మిగిలినవి చెప్తాను. ముందుగా మూడు నత్తలు. రాయి మీది పాచి తినేవి రెండు, ఇసకలో దూరి మిగిలిన మేత ఏరుకునేది ఒకటి. మూడు వారాలు అవి బతికాక, రెండు చిన్న క్లౌన్ చేపలు, తొట్టెల్లో పుట్టినవి. ఈ చేపని పిల్లల దాకా చేయించే పద్ధతి మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు విళింజంలోనూ మండపంలోనూ ఎప్పుడో సాధించారు. కాబట్టి సముద్రంలోంచి పట్టింది కొనాల్సిన అవసరం లేదు. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి అలంకరణ చేపల్ని సైనైడ్ చల్లి మత్తెక్కించి పట్టిన చరిత్ర ఉంది. అలాంటి చేప షాపులో బానే ఈదుతూ కనబడి, కొన్నాళ్ళకి మనింట్లో చస్తుంది. కొనేముందు 'ఎక్కడ పుట్టింది' అని అడగండి. 'నా ముందు మేత వేసి చూపించు' అని కూడా. తిననిదాన్ని కొనకండి, ఎంత తగ్గించి ఇస్తానన్నా సరే.

ఒకే బాచ్‌లోవి, ఒకటి కాస్త పెద్దది ఒకటి చిన్నది తీసుకోవాలి. ఎందుకంటే క్లౌన్ చేపలన్నీ మొదట మగవే. రెంట్లో పెద్దది ఆడదవుతుంది. అంటే నీమో తల్లి పోయాక, కథ ప్రకారం కాక ప్రకృతి ప్రకారం జరిగితే, వాళ్ళ నాన్న అమ్మ అయిపోవాలి. ఇది భోజనాల దగ్గర చెప్పాను. మా అమ్మ, "అయితే ఇంట్లో పెద్దది ఆడదే అన్నమాట. సరిగ్గానే ఉంది" అని పప్పు వడ్డించింది.

వాటి తరవాత ఒక గోబీ చేప, ఒక పిస్టల్ రొయ్య. నన్నడిగితే చిన్న తొట్టిలో ఇంతకు మించిన సినిమా లేదు. రొయ్యకి చూపు దాదాపు ఆనదు, కానీ రోజంతా ఇసకలో బొరియ తవ్వుతుంది. గోబీకి తవ్వడం రాదు, కళ్ళు బాగా కనబడతాయి. రెండూ ఒకే బొరియలో ఉంటాయి. గోబీ గుమ్మంలో కాపలా, రొయ్య తవ్విన ఇసక బయటికి తోస్తూ ఒక మీసం ఎప్పుడూ గోబీ ఒంటి మీద ఆనించే ఉంచుతుంది. ఏదైనా వస్తే గోబీ తోక ఆడిస్తుంది, రొయ్య లోపలికి. నాన్న మొదటిసారి చూసి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "క్వారీలో బ్లాస్టింగ్ అప్పుడు ఎర్రజెండా పట్టుకుని ఒకణ్ణి నిలబెట్టేవాళ్ళం. వాడి మీద నమ్మకంతోనే లోపల పని చేసేవాళ్ళం" అన్నారు. ఆ గోబీకి జెండా అని పేరు పెట్టింది మా అమ్మాయి.

రెండు జాగ్రత్తలు. రొయ్య తవ్వుతుంది కాబట్టి రాళ్ళు ఇసక మీద కాకుండా తొట్టి అడుగు గాజు మీదే ముందు కూర్చోవాలి, లేకపోతే గని కూలినట్టు కూలతాయి. గోబీ దూకుతుంది కాబట్టి పైన మూత ఉండాలి, మేం కిటికీ దోమల మెష్ ఫ్రేముకి బిగించాం. రాత్రిళ్ళు రొయ్య గోరు కొడితే టప్‌మని శబ్దం వస్తుంది. అమ్మ రెండు సార్లు గాజు పగిలిందని లేచింది.

హైదరాబాదు నుంచి కవర్లో చేపలు తెచ్చేవాళ్ళకి ఇంకో ముక్క. ఐదారు గంటల ప్రయాణంలో కవర్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోతుంది, దానివల్ల అమ్మోనియా అంత విషం కాని రూపంలో ఉంటుంది. మూతి విప్పగానే గ్యాస్ పోయి పీహెచ్ లేస్తుంది, అదే అమ్మోనియా విషమైపోతుంది. కాబట్టి విప్పిన కవర్లో గంటలకొద్దీ చుక్కచుక్కగా నీళ్ళు కలపడం చేపకి మంచి చెయ్యడం కాదు. కట్టి ఉన్న కవర్ని తేలేసి వేడి సమానం చెయ్యండి, ఉప్పదనం ముందే సరిపెట్టుకోండి, విప్పాక త్వరగా చేపని మాత్రం వదిలి ఆ నీళ్ళు పారబొయ్యండి. రొయ్యలూ నత్తలూ మాత్రం ఉప్పదనం తేడాని తట్టుకోలేవు, వాటికి నిదానం అవసరమే.

మా వైపు పెద్ద శత్రువు ఎండ. నందిగామ, జగ్గయ్యపేటల్లో మే నెల ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్ళలో లీటరుకి 8 మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ పడుతుంది, సముద్రపు నీళ్ళలో 7 కూడా పట్టదు. వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. నీళ్ళ మీదకి ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతాయి గానీ నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరవదు. రోజూ ఆవిరైనంతా ఉప్పులేని ఆర్వో నీళ్ళే పొయ్యాలి. ఈ కొంప ముంచే లెక్కల వల్లే నాలుగో చేప వద్దని నాన్న పట్టుబట్టారు. నేను ఒక ఫైర్‌ఫిష్ చాలు, ఒకే ఒకటి, అని బతిమాలాను. "కరెంటు ఉన్నప్పటి లెక్క చెప్తున్నావు నువ్వు" అన్నారు.

2021 మే. ఒక సాయంత్రం గాలిదుమారం వచ్చి మా వీధి చివర స్తంభం పడిపోయింది. ఇన్వర్టర్ రాత్రి పదకొండున్నరకి చేతులెత్తేసింది. బాబాయికి ఫోన్ చేస్తే నందిగామలో కూడా గాలే, దారిలో చెట్లు పడ్డాయి, తెల్లారాక బ్యాటరీ ఏరేటర్ తెస్తానన్నాడు. అప్పటికి తొట్టి నీళ్ళు 31 డిగ్రీలు. క్లౌన్లు రెండూ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నాన్న స్టూలేసుకుని కూర్చుని, స్టీలు మగ్గుతో నీళ్ళు తీసి జానెడెత్తు నుంచి మళ్ళీ అందులోనే పొయ్యడం మొదలెట్టారు. గాలి కలవాలి కదా. అరగంట ఆయన, అరగంట నేను. రెండింటికి మా ఆవిడ లేచి మూడో షిఫ్ట్ తీసుకుంది. సెల్‌ఫోన్ లైట్లో ఆ చప్పుడు ఒకటే, మాటల్లేవు. నాలుగో చేప ఉండుంటే ఎలా ఉండేదని నేను అనలేదు, ఆయనా అనలేదు.

ఆరింటికి బాబాయి వచ్చాడు. రెండు క్లౌన్లు, జెండా, రొయ్య బతికాయి. నత్తలు ఒకటి పోయింది. మా అమ్మాయి లేచాక అడక్కుండానే చెప్పేశాను.

2022లో ఆఫీసు వాళ్ళు రమ్మన్నారు. అదే ఏడాది ఏప్రిల్లో మా ఊరు కృష్ణా జిల్లాలోంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారింది, మేం హైదరాబాదుకి మారాం. తొట్టి కదల్లేదు. నాన్న రోజూ పొద్దున్నే వేడీ, ఉప్పదనం కొలిచి పాత క్వారీ లాగ్‌బుక్‌లో రాస్తారు. ఇన్నేళ్ళుగా ఒక్క రోజు ఖాళీ లేదు. మా టీమ్ డాక్యుమెంటేషన్ గురించి ఇంతకంటే ఏమీ అనను.

పోయిన మంగళవారం ఫోన్ చేశారు. "పెద్దది రెండ్రోజుల నుంచి నాపరాయిని ఒకేచోట నోటితో తుడుస్తోందిరా. చిన్నదాన్ని కూడా పిలిచి తుడిపిస్తోంది."

అది గుడ్లు పెట్టే ముందు చేసే పని. మగది కాపలా కాస్తుంది, వారం పది రోజుల్లో రాత్రిపూట పిల్లలవుతాయి, కంటికానవు. వాటి నోట్లో పట్టే మేత ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమని బాబాయికి చెప్పాను. మా అమ్మాయి వాళ్ళ తాతయ్యకి ఫోన్ చేసి రాయి ఫొటో పెట్టమంది. శుక్రవారం రాత్రి బస్సుకి నాలుగు టికెట్లు దొరకలేదు, మూడే దొరికాయి. మా ముగ్గురికీ అవి చాల్లెండి, నాలుగోది ఫైర్‌ఫిష్ కవర్ పెట్టుకోవడానికి ఆశపడ్డాను.